వాలులో జారే గేరు

ఆ వీధిలో కొత్తగా దిగినవాళ్ళు పంటినొప్పితో దవడ పట్టుకుని ఆమె షెడ్డు ముందుకు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. తప్పు వాళ్ళది కాదు. పళ్ళ డాక్టరమ్మ ఎక్కడుంటుందని ఎవరినడిగినా వీధి చివరి రేకుల షెడ్డు వైపే చెయ్యి చూపిస్తారు. తీరా లోపలికి వస్తే, మోచేతుల దాకా గ్రీజు పూసుకున్న ఆవిడ చేతిలో రెంచి పట్టుకుని "ఏ పన్ను?" అని అడుగుతుంది. అదీ నవ్వకుండా అడుగుతుంది. గేరు చక్రాలకు పళ్ళుంటాయి, అవి అరిగినా విరిగినా చూసేది ఆమె, అందుకని ఆ పేరు. ట్రాక్టరు గానీ, లారీ గానీ, కోత మిషను గానీ, గేరు పడకపోయినా, పడ్డ గేరు నిలవకపోయినా చుట్టుపక్కల అందరికీ ముందు గుర్తొచ్చేది ఆమే.

పని నేర్చుకున్నది మేనమామ దగ్గర. చిన్నప్పుడు ఆయన షెడ్డులో కిరసనాయిలు డబ్బా ముందు కూర్చుని నట్లు కడిగేది. కడిగి ఊరుకుంటే గొడవే లేదు. ఇది ఎక్కడిది, ఎందుకుంది, లేకపోతే ఏమవుతుంది అని ఆయన ప్రాణం తోడేసేది. ఆడపిల్లకు ఈ పనులేమిటని ఆయనకు చెప్పిన పెద్దమనుషులు లేకపోలేదు. మేనమామకు ఒక చెవి వినపడదు. వాళ్ళు వచ్చినప్పుడల్లా ఆయన ఆ చెవే వాళ్ళ వైపు తిప్పి కూర్చునేవాడు. అలా ఆమె చదువు ఏ ఆటంకమూ లేకుండా సాగింది.

మొగుడు దర్జీ. షెడ్డును ఆనుకునే అతని కొట్టు. మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు దాటే ముందు ఆమె చేతులు కడుక్కోవాలి, అతను చెప్పులు వేసుకోవాలి. కాపురం సజావుగా సాగడానికి ఈ రెండు షరతులూ సరిపోయాయి.

ఇక ఆమె పని తీరు. పెద్ద స్క్రూడ్రైవరు కొనను గేరుబాక్సుకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని కాసేపు కళ్ళు మూసుకుంటుంది. తర్వాత సుద్దముక్కతో ఒకచోట గీత గీసి, "ఇక్కడ విప్పండి" అంటుంది. విప్పితే జబ్బు అక్కడే ఉంటుంది. ఇంత నమ్మకం ఒక మనిషికి ఉండకూడదని కొందరికి ఒళ్ళు మంట. వాళ్ళ బండి చెడినప్పుడు మాత్రం ఆ మంట చల్లారి, తిన్నగా ఇక్కడికే వస్తారు. ఆమె వాళ్ళను దెప్పదు. కాస్త ఎక్కువసేపు కూర్చోబెడుతుంది, అంతే.

షెడ్డులో ఆమె పెట్టిన కట్టుబాటు ఒకటుంది. గింజ ఉన్న బండి గేటు దాటి రాకూడదు. దీనికి కారణం ఎలుకలు. చాలా కాలం కిందట ఎవరిదో కోత మిషను ట్యాంకు మూలల్లో నాలుగు గుప్పెళ్ళ గింజలతో వచ్చి షెడ్డులో ఉండిపోయింది. ఎలుకలు గింజలు తిన్నాయి. తర్వాత వైర్లు రుచి చూశాయి. ఆ తర్వాత తలుపు కింది సందులోంచి దర్జీ కొట్టులోకి నడిచాయి. ఎన్నడూ గొంతు పెంచని ఆ మనిషి, ఒక చంక లేని కొత్త కోటు చేత్తో పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డులోకి వచ్చాడు. ఆ రోజు నుంచి గేటు దగ్గర ఆమె చెయ్యి పెట్టి చూడని ట్యాంకు లేదు. గుప్పెడు గింజలున్నా వెనక్కే. అందరూ ఊడ్చి, కడిగి, అద్దంలా చేసి తెస్తారు. తమ్ముడైనా సరే, చుట్టరికం గేటు బయటే.

ఆ తమ్ముడి దగ్గరే ఉంది ఈ కథలోని కోత మిషను. వయసులో అతని కన్నా పెద్దది. ఎవరో పాకలో పడేసి మరిచిపోయిన దాన్ని అందరూ వద్దంటున్నా కొని తెచ్చుకుని, తుప్పు గీకి, రంగు వేసి, దాన్నే నమ్ముకుని బతుకుతున్నాడు. కోత కాలమంతా ఊళ్ళ వెంట తిరిగి కిరాయికి కోస్తాడు. అతను మిషను తోలితే, అతని పెళ్ళాం ట్రాక్టరు తోలుతుంది. మిషను ట్యాంకు నిండగానే ట్రాక్టరు తెచ్చి పక్కన నిలుపుతుంది, గొట్టంలోంచి గింజలు దాని వెనకున్న ట్రక్కులోకి దిగుతాయి. మొగుడూ పెళ్ళాల సంసారం, సంపాదన రెండూ ఆ రెండు బండ్ల మీదే నడుస్తున్నాయి.

కిందటి కోతల్లో ఆ మిషను ఒకటి రెండుసార్లు వాలు చేలల్లో గేరు వదిలేసింది. పళ్ళ డాక్టరమ్మ గేరుబాక్సు విప్పి, గేరును పట్టి ఉంచే స్ప్రింగు కొత్తది వేసి, లివరు నుంచి కిందికి దిగే పొడుగాటి లింకు రాడ్డును వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేసింది. "ఇక జారదు. నా మాట మీద తోలుకో," అంది. మరదలు పక్కనే ఉండి ఆ మాట వింది.

ఈ కోతల్లో మిషను మళ్ళీ జారింది. ఈసారి వట్టినే జారలేదు. వాలు చేను పై గట్టు నుంచి కిందికి దిగుతుండగా గేరు ఊడి, బరువుకు బరువు తోడై దొర్లుకుంటూ వచ్చింది. బ్రేకు ఆ బరువును ఆపలేకపోయింది. తమ్ముడికి సమయానికి బుద్ధి పనిచేసి ముందున్న కోత బల్లను నేలలోకి దించేశాడు. అది మట్టిని దున్నుకుంటూ వచ్చి ఆగింది. ఆగిన చోటికి చెయ్యి చాపితే అందేంత దూరంలో ట్రాక్టరు, దాని మీద మరదలు.

మర్నాడు పొద్దున్నే ట్రాక్టరుకు కట్టి మిషనును లాక్కొచ్చారు. తమ్ముడు నేల చూపులు చూస్తున్నాడు. మరదలు మాత్రం నిటారుగా నిలబడి, వచ్చిన పని సూటిగా చెప్పింది.

"వదినా, పాత ఇనుము కొనేవాణ్ణి రేపు సాయంత్రం రమ్మన్నాను. ఈలోగా నువ్వు బాగు చేస్తే చెయ్యి. కానీ బాగైందని నాకు నమ్మకం కుదరాలి. లేకపోతే దీన్ని తూకానికి వేసేస్తాను. నీ తమ్ముడు ఏమన్నా సరే, నేను వినను."

"పాతది కదా, కాస్త..." అని తమ్ముడు నీళ్ళు నమిలాడు.

"పాతదని కాదు. నిన్న నేను పోయేదాన్ని. రేపు నువ్వు పోతావు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. వదిన మాట మీదేగా ఇన్నాళ్ళూ తోలింది?"

ఆ చివరి మాట పళ్ళ డాక్టరమ్మకు తగలాల్సిన చోటే తగిలింది. మాట ఇచ్చింది నిజం, మిషను జారింది నిజం. ఇప్పుడు పోయేది పాత ఇనుము ఒక్కటే కాదు. తమ్ముడి బతుకుతెరువు పోతుంది. తన మాట మీద ఈ పిల్లకున్న నమ్మకం ఎలాగూ సగం పోయింది, మిగతా సగం రేపు సాయంత్రం తూకానికి పోతుంది. ఆమెకు రెండోదే ఎక్కువ బాధగా ఉంది. అయినా బాధపడుతూ కూర్చునే రకం కాదు. గేటు దగ్గర అలవాటుగా ట్యాంకులో చెయ్యి పెట్టి చూసుకుంది. ఒక్క గింజ లేదు. "తొయ్యండి లోపలికి," అంది.

పని మొదలైంది. ముందు క్లచ్చు చూసింది. బాగుంది. ఇంజను నుంచి గేరుబాక్సుకు ఊపు తెచ్చే వెడల్పాటి బెల్టు చూసింది. బిగువు తగ్గలేదు. అప్పుడు గేరుబాక్సు మూత తీసింది. ఆయిల్లో ఇనుప రజను ఉందేమోనని వేళ్ళతో నలిపి, వెలుగులో పెట్టి చూసింది. లేదు. ఒక్కొక్క చక్రం తిప్పి పళ్ళ అంచులన్నీ గోటితో తడిమింది. కిందటిసారి తాను వేసిన స్ప్రింగు, దాని కొసన గోళీకాయంత ఉక్కుగుండు, రెండూ నిగనిగలాడుతున్నాయి. చక్రాలను జాకీల మీద పైకెత్తి, ఇంజను వేసి, రెండో గేరులో వదిలేసింది. మధ్యాహ్నమంతా అది బుద్ధిగా తిరిగింది. స్క్రూడ్రైవరు చెవికి ఆనించి విన్నది. ఎక్కడా తేడా లేదు.

జబ్బు కనబడితే ఆమెకు భయం లేదు. ఇలా జబ్బు దాక్కుంటేనే తిక్క రేగుతుంది. తమ్ముడు "అక్కా, పోనీ గేరుబాక్సే మారిస్తే..." అన్నాడు.

"ఇది బాగానే ఉందిరా. బాగున్నదాన్ని తీసి ఏం పెడతావు?"

"మరి జారింది కదా."

"జారింది. నోరు మూసుకుని నన్ను ఆలోచించుకోనీ."

దర్జీ తలుపు తీసి, చెప్పులు వేసుకుని, అందరికీ టీ తెచ్చాడు. మరదలు ఒక పాత టైరు మీద కూర్చుని టీ తాగుతోంది. పొద్దుటి కోపం కాస్త దిగి, ఆ చోటులోకి అలసట వచ్చినట్టుంది. దర్జీ అన్నయ్యతో తన కష్టం చెప్పుకోవడం మొదలుపెట్టింది.

"ప్రాణం పోయేంత పనై ఒళ్ళంతా వణుకుతుంటే, ఆ పూటే ట్యాంకు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది అన్నయ్యా. జారినప్పుడల్లా ఇదే తంతు. నిండా గింజలుంటాయి. అవన్నీ దించుకుని, మూలమూలలా చీపురు పెట్టి ఊడ్చి, కడిగి ఇక్కడికి తెచ్చేసరికి నా నడుము విరుగుతుంది. వదిన గేటు సంగతి తెలుసుగా."

పళ్ళ డాక్టరమ్మ చేతిలో టీ గ్లాసు ఆగింది. "ఏమన్నావమ్మాయ్?"

"నడుము విరుగుతుంది అన్నాను."

"అంతకు ముందు."

"నిండా గింజలుంటాయి అన్నాను. ఉండవా మరి? ఎప్పుడు జారినా నేను ట్రాక్టరు పక్కకు తెచ్చే వేళకే జారుతుంది. నా మీద దానికేం పగో తెలియదు, చేనంతా వదిలేసి నేనున్న వైపుకే వస్తుంది."

"సగం ట్యాంకుతో ఎప్పుడైనా జారిందా?"

మరదలు ఆలోచించింది. మొగుడి వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. "లేదు. ఖాళీగా ఉన్నప్పుడు అసలే లేదు," అన్నాడు.

పళ్ళ డాక్టరమ్మ గ్లాసు పక్కన పెట్టి, లేచి, మిషను చుట్టూ ఒకసారి తిరిగింది. ఇన్నేళ్ళలో ఆ షెడ్డులోకి కడుపు నిండిన కోత మిషను ఒక్కటీ రాలేదు. వచ్చిన ప్రతిదాన్నీ ఖాళీ కడుపుతోనే చూసింది, ఖాళీ కడుపుతోనే రాడ్డు సరిచేసింది, ఖాళీ కడుపుతోనే బాగుందని మాట ఇచ్చింది. దానికి నొప్పి వచ్చేదేమో తిన్నాక. ఆమెకు తన మీద తనకు ఒళ్ళు మండింది, ఆ వెంటనే ప్రాణం లేచొచ్చింది కూడా. దాక్కున్నది ఎక్కడ దాక్కుందో తెలిసిపోయింది. నేను పెట్టిన గేటే దీన్ని దాచిపెట్టింది అనుకుంది.

"దీని ట్యాంకు నింపాలి," అంది.

దర్జీ గతుక్కుమన్నాడు. "గింజలతోనా?"

"మీ కోట్లు తినని వాటితోనే నింపుతాను లెండి."

ఎదురుగా ఇల్లు కడుతున్న మేస్త్రీ దగ్గర ఇసుక గుట్ట ఉంది. అడిగితే ఇచ్చాడు గానీ, ఒక్క తట్ట తగ్గినా ఊరుకోనన్నాడు. పక్క షెడ్డు వెల్డరు వచ్చాడు, దర్జీ గోనెసంచులు తెచ్చాడు. నింపడం, భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కడం, ట్యాంకులో పడెయ్యడం. దర్జీ మొదటి సంచికే ఎర్రబడి, కొలతలు తీసుకునే చేతులు దీనికి పనికిరావని ఒప్పుకుని, సంచుల మూతులు కుట్టే పనికి మారాడు. తూకానికి వేస్తానన్న మరదలే అందరికన్నా ఎక్కువ సంచులు మోసింది.

పళ్ళ డాక్టరమ్మ ముందు చక్రం పక్కన చిన్న పీట వేసుకుని కూర్చుంది. లింకు రాడ్డు మీద, అది దూరి వెళ్ళే ఇనుప కన్నం అంచున, సుద్దముక్కతో సన్నని గీత గీసి, టార్చిలైటు వేసి కన్ను ఆర్పకుండా చూస్తోంది. మొదటి సంచులకు ఏమీ కాలేదు. ట్యాంకు సగం నిండేసరికి ఎక్కడో కిర్రుమంది. ఇంకొన్ని సంచులు పడ్డాక గీత కదిలింది. వేలి మందం లేదు, కానీ కదిలింది. ఆమె టార్చి పైకెత్తి, సీటు పలకనూ ట్యాంకునూ కలిపి మోసే ఇనుప దన్ను మీదికి తిప్పింది. కొత్త రంగు కింద, పాత అతుకు వెంబడి, ఒక పగులు పెదవులు విడదీసుకుని ఉంది.

"ఒరేయ్, రెండు సంచులు తియ్యి," అంది. తమ్ముడు తీశాడు. పగులు మూసుకుంది. వెయ్యమంది. తెరుచుకుంది.

"ఇటు రా అమ్మాయ్," అని మరదలిని పిలిచి పీట మీద కూర్చోబెట్టి, టార్చి ఆమె చేతికే ఇచ్చింది. "నీ మీద పగ పట్టింది ఇదే. ట్యాంకు నిండితే ఈ దన్ను కుంగుతుంది. దాంతో సీటూ లివరూ కిందికి దిగి ఈ రాడ్డును నెడతాయి. రాడ్డు నెట్టేసరికి లోపల గేరు పళ్ళు సగమే పట్టుకుని ఉంటాయి. చదునులో ఆ సగం పట్టు చాలు. వాలులో బండి బరువంతా వెనక నుంచి తోస్తుంటే చాలదు. ఊడిపోతుంది."

మరదలు పగులునే చూస్తోంది. "ఊడ్చి తెచ్చి నేనే దీన్ని మూసేశానన్నమాట."

"ఊడవమన్నది నేను. అది నా లెక్కలో వేసుకుంటాలే."

ఇసుక దించాక వెల్డరు పాత అతుకును గీకేసి, కొత్తగా అతికి, దాని మీద మందపాటి ఇనుప పట్టీ పరిచి మళ్ళీ అతికాడు. అది చల్లారేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మళ్ళీ సంచులెక్కాయి. ఈసారి మోసేవాళ్ళు అందరూ మూలుగుతున్నారు, ఎవరూ ఆపలేదు. పళ్ళ డాక్టరమ్మ పీట దగ్గరికి వెళ్ళలేదు. "గీత నువ్వే చూడు, నన్ను అడక్కు," అని మరదలితో అని, తాను సంచులు మొయ్యడానికి పోయింది. ట్యాంకు అంచుల దాకా నిండింది. మరదలు చాలాసేపు ఆ గీతనే చూసి, చివరికి టార్చి ఆర్పింది. గీత గీసినచోటే ఉంది. అప్పుడు, ఆ బరువు మీదే, పళ్ళ డాక్టరమ్మ రాడ్డును కొత్తగా సరిచేసింది.

చేతులు కడుక్కుంటుంటే మరదలు పక్కకు వచ్చి నిలబడింది. "ఇప్పుడు మళ్ళీ నీ మాట మీద తోలుకోమంటావా వదినా?"

"అనను. మాట ఒకసారి ఇచ్చి చూశాను కదా. రేపు ఆ వాలులో, ట్యాంకు నిండాక, నేనే తోలతాను. నువ్వు దూరంగా గట్టు మీద నిలబడి చూడు. ఆ తర్వాత ఉంచుకుంటావో, తూకానికి వేస్తావో నీ ఇష్టం."

తమ్ముడు అడ్డం రాబోయాడు. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి అతని వైపు చూశారు. అతను బుర్ర గోక్కుని, చిందిన ఇసుక ఊడవడానికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దెక్కాక అదే చేను. మిగిలిపోయిన సగం పంట ఎండి గలగలమంటోంది. తమ్ముడు పైభాగమంతా కోసుకుంటూ వచ్చి, ట్యాంకు నిండి గింజలు అంచుల మీద నుంచి రాలుతుండగా పై గట్టు దగ్గర ఆపి దిగాడు. పళ్ళ డాక్టరమ్మ ఎక్కి కూర్చుంది. సీటు ఎత్తు నుంచి చూస్తే వాలు కిందినుంచి కనిపించే దాని కన్నా నిటారుగా ఉంది. మొన్న కోత బల్ల దున్నిన చాలు ఇంకా నల్లగా కనబడుతోంది. భయమేసింది. పర్వాలేదు, భయం కూడా బరువు లాంటిదే, ఎక్కడ పడుతుందో తెలిస్తే చాలు అనుకుంది. రెండో గేరు వేసింది. లివరు టక్కున కూర్చుంది. ఆ చప్పుడు ఆమెకు ఇంట్లో మనిషి గొంతులా తెలుసు. క్లచ్చు వదిలింది.

మిషను ముక్కు కిందికి వాలింది. వెనక నుంచి బరువు తొయ్యడం మొదలైంది. ఇంజను ఆ బరువును పట్టి నిలుపుతూ గొంతు మార్చింది. పళ్ళ డాక్టరమ్మ లివరు మీద చెయ్యి వెయ్యలేదు. వేస్తే గేరు నిలిచింది దానంతటదా, తన చేతి బలంతోనా తెలియదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని దిగుతోంది.

అంతలో ట్రాక్టరు చప్పుడు వినబడింది. గట్టు మీద ఉండాల్సిన ట్రాక్టరు గట్టు దిగి, చేనుకు అడ్డంగా వచ్చి, వాలు చివర, సరిగ్గా మిషను దారిలో ఆగింది. మరదలు ఇంజను ఆపేసింది. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, తల ఎత్తి, పైనుంచి వస్తున్న మిషను వైపు చూస్తూ కూర్చుంది.

పళ్ళ డాక్టరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కకు పొమ్మని చెయ్యి ఊపింది. ఆ పిల్ల కదల్లేదు. ఎంత కోపం వచ్చిందో అంత ప్రేమ కూడా వచ్చింది, రెండింటిలో ఏది ఏదో తేల్చుకునే తీరిక లేదు. మిషను మొన్న జారిన చోటు దాటింది. లివరు ఉన్నచోటే ఉంది. వాలు మధ్యకు వచ్చింది. లివరు ఉన్నచోటే ఉంది. చివర నేల చదునయ్యే దగ్గర ఆమె మెల్లగా మలుపు తిప్పి, ట్రాక్టరు పక్కకు తెచ్చి, గొట్టం సరిగ్గా ట్రక్కు మీదికి వచ్చేలా ఆపింది.

ఇంజను రొదలో కూడా వినబడేలా అరిచింది. "నీకు మతి పోయిందా? గట్టు మీద నిలబడమన్నాను కదా. ఇక్కడెందుకున్నావు?"

మరదలు వెనక్కి తిరిగి ట్రక్కు ఖాళీగా ఉందో లేదో చూసుకుంది.

"ఎక్కడుండాలి మరి వదినా? గింజలు దింపుకోవద్దా?"

పళ్ళ డాక్టరమ్మ గొట్టం తెరిచింది. గింజలు ట్రక్కులో పడసాగాయి.